వారంటులో లేని మాట

అప్పగింతలు అనగానే మనకి ముందు గుర్తొచ్చేది పెళ్ళి. పిల్ల చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో అద్దడం, సన్నాయివాడు సమయం చూసి గుండెలు కరిగించే రాగం అందుకోవడం, అంతసేపూ గట్టిగా నిలబడ్డ తండ్రి ఉన్నట్టుండి కండువాతో మొహం తుడుచుకోవడం. అదే మాటని మన పేపర్లవాళ్ళు ఇంకో పనికి వాడుతున్నారు. 'నేరస్తుల అప్పగింత' అంటారు. ఇంగ్లీషులో ఎక్స్‌ట్రడిషన్. ఒక దేశంలో నేరం చేసి మరో దేశంలో తలదాచుకున్నవాణ్ణి మొదటి దేశం అడిగితే రెండో దేశం పట్టి ఇవ్వడం. ఈ మాట ఎవరు పెట్టారో గానీ, ఆలోచిస్తే బాగానే అతికింది. ఇక్కడా గడప దాటించడమే. దాటాక ఆ మనిషికి ఏం జరిగినా ఈ గడపవాళ్ళు చెయ్యగలిగింది బహు తక్కువ. అందుకని అడగాల్సిందేదో దాటించకముందే అడగాలి.

ఆ అడిగే పని చేసేవాడే ఎక్స్‌ట్రడిషన్ లాయరు.

లాయర్లందరిలోనూ మనకి ఇతనంటేనే ఎక్కువ కోపం. కోట్లు మింగి లండన్‌లో కూర్చున్నవాణ్ణి తెప్పించడానికి మన ప్రభుత్వం ఏళ్ళ తరబడి తిరుగుతూంటే, ఈయన లేచి 'యువరానర్, ఈ కాగితం మీద ముద్ర సరిగ్గా లేదు' అంటాడు. మా నాన్నగారి తరం వాళ్ళు జయంతి ధర్మతేజ పేరు ఇప్పటికీ ఎత్తుతూంటారు. మన తెలుగువాడే. జయంతి షిప్పింగ్ కంపెనీ పెట్టి, ప్రభుత్వం దగ్గర కోట్లలో అప్పు తీసుకుని, 1966 తర్వాత విదేశాల్లో తిరిగి చివరికి 1970లో లండన్‌లో పట్టుబడ్డాడు. అప్పుడు ఆయన తరపున చెప్పిన మాట, ఆయన దగ్గర కోస్టారికా దేశం ఇచ్చిన దౌత్య పాస్‌పోర్టు ఉంది కాబట్టి ముట్టుకోకూడదని! 1971లో ఇంగ్లీషు కోర్టు ఆ వాదన తోసిపుచ్చింది, ఆయన్ని ఇండియా తీసుకొచ్చారు, ఇక్కడ శిక్ష పడింది. ఇలాంటివి చదివినప్పుడు, నేరం చేశాడా లేదా అన్న సంగతి వదిలేసి ఈ పాస్‌పోర్టుల గోలేమిటండీ అనిపించడం సహజం.

కానీ ఆ సంగతి వదిలెయ్యడమే ఈ లాయరు పనిలోని అసలు కిటుకు. అప్పగించమని అడిగినప్పుడు, పట్టుబడ్డవాడు నేరం చేశాడా లేదా అన్నది ఈ దేశపు కోర్టు తేల్చదు. అది ఆ దేశపు కోర్టు పని. ఇక్కడ తేల్చేదల్లా పంపించాలా వద్దా అని. రెండు దేశాల మధ్యా ఒప్పందం ఉందా? ఈ నేరం ఆ ఒప్పందంలో ఉందా? వాళ్ళ దగ్గర నేరమైంది మన దగ్గర కూడా నేరమేనా? చూపిస్తున్న సాక్ష్యం ఈ మాత్రం నిలుస్తుందా? పైకి దొంగతనం అని చెప్పి తీసికెళ్ళి లోపల వేరే కక్ష తీర్చుకుంటారా? మన దేశంలో 1962లో చేసిన అప్పగింతల చట్టంలోనూ ఇవే ప్రశ్నలు, కాస్త అటూ ఇటూగా. కక్షిదారు నిర్దోషి అని ఒక్కమాటైనా అనకుండా కేసు గెలిచే లాయరు ఇతనొక్కడేనేమో.

ఈ ప్రశ్నలు ఒట్టి గీరడాలు కావని తెలియాలంటే 1860లో కెనడా వెళ్ళాలి.

అప్పట్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో బానిసత్వం ఉంది. పక్కనే నది దాటితే కెనడా, ఇంగ్లీషువాళ్ళ రాజ్యం. ఇంగ్లీషు సామ్రాజ్యంలో 1834 నుంచీ బానిసత్వం రద్దు. అందుచేత ప్రాణాలకి తెగించిన బానిసలు రాత్రుళ్ళు నడిచీ, అడవుల్లో దాక్కునీ ఉత్తరంగా పోయి ఆ నది దాటేవారు. దాటితే మనిషి, దాటకపోతే సొత్తు. మధ్య ఉన్నది నీళ్ళే.

యజమానులు ఊరుకుంటారా? 'మా బానిస పారిపోయాడు, ఇచ్చెయ్యండి' అంటే కెనడా ఇవ్వదు. 'మా ఇంట్లో దొంగతనం చేసి పారిపోయాడు' అంటే? ఈ ఉపాయం 1841లోనే ఒకడికి తట్టింది. అర్కాన్సాస్ రాష్ట్రంలో నెల్సన్ హాకెట్ అనే బానిస యజమాని గుర్రమెక్కి పారిపోతూ, చలికోటు, జీను, ఒక బంగారు గడియారం తీసికెళ్ళాడు. యజమాని వెనకాలే కెనడా వచ్చి దొంగతనం కేసు పెట్టాడు. గుర్రమంటే పారిపోవడానికి కావాలి, మరి బంగారు గడియారం దేనికీ అన్నారు కెనడా పెద్దలు. 1842 ఫిబ్రవరిలో హాకెట్‌ని పడవెక్కించి నది అవతలకి అప్పగించారు. తీసికెళ్ళి నలుగురిలో కొరడాలతో కొట్టి, టెక్సస్‌కి అమ్మేశారు. దొంగతనం విచారణ మాట మళ్ళీ ఎవరెత్తుతారు? వాళ్ళకి కావలసింది దొంగ కాదుగా, మనిషి.

అదే ఏడాది ఆగస్టులో ఇంగ్లండూ అమెరికా ఒక ఒప్పందం రాసుకున్నాయి. రాసినవాళ్ళ పేర్ల మీద దాన్ని వెబ్‌స్టర్-ఆష్‌బర్టన్ ఒప్పందం అంటారు. అందులో పదో అంశం ఈ అప్పగింతల గురించి. హత్య, హత్యాప్రయత్నం, సముద్రపు దోపిడీ, ఇళ్ళు తగలబెట్టడం, దోపిడీ, ఫోర్జరీ, ఫోర్జరీ కాగితం చెలామణీ. ఈ ఏడింటికే అప్పగింత. దొంగతనం లేదు. హాకెట్ సంగతి అందరి నోళ్ళలోనూ నలుగుతున్న రోజులవి. ఇంకో షరతు కూడా పెట్టారు. పారిపోయినవాడు దొరికిన చోట, అదే నేరం అక్కడే జరిగి ఉంటే అక్కడి చట్టం ప్రకారం వాణ్ణి పట్టుకుని విచారణకి పంపడానికి సరిపోయేటంత సాక్ష్యం ఉండాలి. ఈ వాక్యాన్ని కాస్త గుర్తుంచుకోండి. మనిషి ప్రాణం దీని మీదికే వస్తుంది.

మిస్సోరి రాష్ట్రంలో, హోవర్డ్ కౌంటీలో, జాక్ బర్టన్ అని ఒక బానిస. బర్టన్ యజమాని ఇంటి పేరే. తండ్రి ఇతని పసితనంలోనే పారిపోయాడు. తల్లిని చిన్నప్పుడే అమ్మేశారు. యజమాని భార్య పెంచింది. 1850లో పక్క తోటలో పనిచేసే మారియా అనే పిల్లని చేసుకున్నాడు. ఆవిడ యజమాని వేరు. పని అయ్యాక సెలవు అడుక్కుని వెళ్ళి చూసి రావడం, అదీ కాపురం. ఒక బిడ్డ పుట్టింది. 1853లో జాక్‌ని మిస్సోరి నదికి ఆవల ఎక్కడో ముప్ఫై మైళ్ళ దూరాన ఉన్న మెక్‌డానియల్ అనే ఆసామికి అమ్మారు. ఈ కొత్త యజమాని, పెళ్ళాం దగ్గరికి వెళ్ళొస్తానంటే ఒప్పుకోలేదు. నా దగ్గరున్న ఆడవాళ్ళలో ఎవర్నయినా చేసుకో అన్నాడు.

ఇక్కడ నాకు కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ వేస్తుంది. ఆ మాట అంటున్నప్పుడు ఆ ఆసామి తను క్రూరంగా ఉన్నానని అనుకుని ఉండడు. వాడికో సౌకర్యం చేసి పెడుతున్నాననే అనుకుని ఉంటాడు.

జాక్ సెప్టెంబరులో బయల్దేరాడు. మారియాకి వీడ్కోలు చెప్పి ఉత్తరంగా నడక. దారిలో సెనెకా డిగ్స్ అనే రైతు ఆపి చీటీ చూపించమన్నాడు. బానిస ఒంటరిగా ఊరు దాటితే యజమాని రాసిచ్చిన చీటీ ఉండాలి. లేదంటే, ఇంటికి ఇరవై మైళ్ళు మించి దొరికిన బానిసని ఎవరైనా పట్టుకోవచ్చు, పట్టుకున్నందుకు బహుమతి కూడా ఇస్తారు. మిస్సోరి చట్టం అది. జాక్ పరిగెత్తాడు. డిగ్స్ తన బానిసల్ని తరమమన్నాడు. తరిమారు పాపం, ఏం చేస్తారు. తిరిగి తిరిగి చివరికి డిగ్స్‌కే ఎదురు పడ్డాడు. చేతిలో కత్తి ఉంది. పొడిచాడు. కొన్నాళ్ళకి డిగ్స్ చనిపోయాడు. ఆ ఇంట్లోనూ భార్యా పిల్లలున్నారు. ఈ కథ చెప్పేటప్పుడు ఆ సంగతి మింగెయ్యడం న్యాయం కాదు.

నవంబరు మొదట్లో కెనడా సరిహద్దున విండ్సర్ చేరాడు. అక్కడ పారిపోయి వచ్చినవాళ్ళకి బడి నడిపే లారా హేవిలాండ్ అనే ఆవిడ ఉండేది. చదువు రాని జాక్ తరపున వాళ్ళ మామగారికి ఉత్తరం రాసింది ఆవిడే. వచ్చిన జవాబు చూసి, ఇది వల అని పసిగట్టిందీ ఆవిడే. అప్పటికి పేరు మార్చుకుని జాన్ ఆండర్సన్ అయ్యాడు. రైలు పనుల్లోనూ, తాపీ పనుల్లోనూ కుదిరి ఏడేళ్ళు గుట్టుగా బతికాడు. ఎవరో ఒకరికి చెప్పుకోకుండా ఎన్నాళ్ళుంటాడు? ఒక స్నేహితుడికి చెప్పాడు. స్నేహితుడితో తగువొచ్చింది. అతను పోయి మేజిస్ట్రేటు చెవిలో వేశాడు.

బ్రాంట్‌ఫర్డ్ అనే ఊరి మేజిస్ట్రేటు విలియం మాథ్యూస్ 1860లో ఆండర్సన్‌ని జైల్లో పెట్టాడు. ఇదిగో, ఇక్కడ ప్రవేశిస్తాడు మన ప్లీడరు, హామిల్టన్ ఊరివాడు, సామ్యూల్ ఫ్రీమన్. ఆ పేరుకి అర్థం 'స్వేచ్ఛ గల మనిషి'. నేను నవల్లో ఈ పేరు పెడితే ఎడిటర్‌గారు కొట్టేసి వేరే పేరు రాయమనేవారు!

మొదటిసారి సాక్ష్యం లేదని విడిపించాడు ఫ్రీమన్. కానీ మళ్ళీ పట్టుకున్నారు. ఈసారి మిస్సోరి నుంచి సాక్ష్యాలూ, అమెరికా నుంచి అప్పగించమన్న అభ్యర్థనా కూడా తోడు వచ్చాయి. ఇప్పుడేమని వాదించాలి? పొడవలేదని అనలేడు. పొడిచిన సంగతి ఆండర్సనే దాచలేదు. హత్య ఒప్పందంలో ఉన్న నేరమే, అందులోనూ మొట్టమొదటిది. చూడబోతే కేసు అయిపోయినట్టే.

ఫ్రీమన్ పట్టుకున్నది ఇందాక గుర్తుంచుకోమన్న వాక్యాన్ని. అదే సంఘటన కెనడాలో జరిగి ఉంటే, అన్నాడు. కెనడా నేల మీద ఒక మనిషి తన దారిన తను పోతుంటే, ఏ నేరమూ చెయ్యనివాణ్ణి, ఇంకొకడు నలుగుర్ని వెంటేసుకుని బంధించబోయాడు. బానిసగా అప్పజెప్పడానికి బంధించబోయాడు. వాడు తప్పించుకోవడానికి పొడిచాడు. దీన్ని కెనడా చట్టం హత్య అంటుందా? కెనడాలో బానిస అనే మనిషే లేడు గనక, బానిసని పట్టుకునే హక్కు కూడా ఎవరికీ లేదు. హక్కు లేకుండా పట్టుకోబోయినవాణ్ణి ఎదిరించడం హత్య కాదు.

ఎదుటి వాదన కూడా తేలికైంది కాదు. డిగ్స్ ఉన్నది మిస్సోరిలో. అక్కడ బానిసని పట్టుకోవడం చట్టం చెప్పిన పనే. చట్టం చెప్పిన పని చేస్తున్నవాణ్ణి పొడిచి చంపితే హత్యే. కెనడావాళ్ళు మిస్సోరి చట్టంలో తమకి నచ్చిన ముక్కలు ఒప్పుకుని నచ్చనివి వదిలేస్తే ఒప్పందానికి విలువేముంది?

1860 డిసెంబరు 15న టొరంటోలోని క్వీన్స్ బెంచి కోర్టు తీర్పు చెప్పింది. ఆస్‌గుడ్ హాల్ చుట్టూ జనం. ఆండర్సన్‌ని ఎత్తుకుపోతారేమోనని ఆయుధాలతో పోలీసుల కాపలా. ముగ్గురు జడ్జీలు. ప్రధాన న్యాయమూర్తి జాన్ బెవర్లీ రాబిన్సన్, ఆయనతో పాటు ఇంకొకరు, అప్పగించవలసిందే అన్నారు. మూడో ఆయన మెక్లీన్ ఒక్కరూ కాదన్నారు. మనిషిని ఆస్తి చేసే చట్టానికి ఈ కోర్టులో విలువ లేదన్నది ఆయన వైపు. ఎమర్జెన్సీలో, 1976లో, మన సుప్రీం కోర్టులో నలుగురు ఒకవైపూ జస్టిస్ ఖన్నా ఒక్కరూ ఒకవైపూ నిలిచిన తీర్పు గుర్తున్నవాళ్ళకి, ఇలాంటి ఒంటరి జడ్జీని చూడగానే గుండె కాస్త పొంగుతుంది.

ఈ రాబిన్సన్‌గారు దుర్మార్గుడని అనుకోకండి. 1819లో, తన యవ్వనంలో, ఆ రాష్ట్రపు అటార్నీ జనరల్‌గా ఉన్నప్పుడు, అమెరికా నుంచి వచ్చిన బానిస ఈ గడ్డ మీద కాలు పెడితే స్వేచ్ఛ గలవాడే అని అభిప్రాయం రాసి ఇచ్చింది ఈయనే. నలభై ఏళ్ళ తర్వాత అదే చేత్తో ఈ తీర్పు రాశారు. ఒప్పందం ఒప్పందమే, మా మనసులో ఏముందన్నది వేరు అన్నది ఆయన ధోరణి. నియమం తప్పని పెద్దమనిషి. మన ఇళ్ళల్లో కూడా ఉంటారు ఇలాంటి పెద్దలు. వాళ్ళ మాట తప్పని చెప్పడం ఎంత కష్టమో మీకు తెలియంది కాదు.

ఆండర్సన్ ఏమన్నాడు? కోర్టు కాగితాల్లో అతని మాటలు బహు తక్కువ. అతని గురించి అందరూ మాట్లాడారు. కూర్చుని విన్నాడు. మారియా పేరైతే మరీను.

ఓడిపోయిన ప్లీడరు ఇప్పుడేం చేశాడో చూడండి. హెబియస్ కార్పస్ అనేది మనం పేపర్లో తరచూ చూసే మాటే. పట్టుకున్న మనిషిని కోర్టు ముందుకు తెచ్చి, ఏ అధికారంతో పట్టుకున్నారో చూపించండి అని అడగడం. పాత ఇంగ్లీషు పద్ధతిలో దీనికో చిత్రమైన వెసులుబాటు ఉంది. ఒక కోర్టు కాదంటే, అదే దరఖాస్తు పట్టుకుని ఇంకో కోర్టు తలుపు తట్టవచ్చు. ఫ్రీమన్ టొరంటోలోనే ఉన్న కామన్ ప్లీస్ కోర్టుకి వెళ్ళాడు.

ఈలోగా ఈ కబురు సముద్రం దాటింది. బానిసత్వ వ్యతిరేక సంఘంవాళ్ళు లండన్‌లో ఎడ్విన్ జేమ్స్ అనే పేరుమోసిన బారిస్టరుని పెట్టి, 1861 జనవరి 15న అక్కడి క్వీన్స్ బెంచిలోనే దరఖాస్తు వేయించారు. ఆండర్సన్‌ని టొరంటో నుంచి ఇంగ్లండు కోర్టుకి తీసుకురండి అని ఉత్తర్వు వచ్చేసింది! ఈ జేమ్స్‌గారు భలే మనిషి. అదే ఏడాది వేసవిలో, అప్పులూ అవకతవకల కారణంగా ఆయన్నే బార్ నుంచి వెళ్ళగొట్టారు. మంచిపని ఎప్పుడూ మంచివాళ్ళ చేతుల మీదుగానే జరగాలని దేవుడు కూడా పట్టుబట్టడు కాబోలు.

లండన్ ఉత్తర్వు కెనడాలో చాలామందికి మండించింది. మాకు కోర్టులు లేవా, మేము న్యాయం చెప్పలేమా అన్నారు. ఆ రోషం చివరికి చట్టమై కూర్చుంది. సొంత కోర్టులున్న వలసదేశాలకి ఇంగ్లండు నుంచి అలాంటి ఉత్తర్వులు పంపకూడదని 1862లో పార్లమెంటు చట్టం చేసింది. ఒక బానిస తగాదాలోంచి కెనడా కోర్టుల స్వాతంత్ర్యం ఒక మెట్టు పైకెక్కింది. ఆండర్సన్‌కి మాత్రం ఆ ఉత్తర్వు అవసరం రానే లేదు.

ఫిబ్రవరి 16న కామన్ ప్లీస్ ప్రధాన న్యాయమూర్తి డ్రేపర్ తీర్పు చదివారు. బానిసత్వం గురించి, స్వేచ్ఛ గురించి, మిస్సోరి చట్టం గురించి గొప్ప మాటలు వినాలని వచ్చినవాళ్ళు నిరాశపడి ఉండాలి. కోర్టు వారంటు చూసింది. బ్రాంట్‌ఫర్డ్ మేజిస్ట్రేటు రాసిన వారంటు. అందులో ఆండర్సన్ 'కావాలని, దురుద్దేశంతో, నేరపూరితంగా పొడిచి చంపాడు' అని ఉంది. ఒప్పందంలో ఉన్న మాట హత్య. వారంటులో ఉన్న మాట చంపడం. ప్రతి హత్యా చంపడమే గానీ, ప్రతి చంపడమూ హత్య కాదు. మాథ్యూస్‌గారు 'హత్య' అన్న మాట రాయడం మరిచిపోయారు. పైగా, అమెరికాకి అప్పగించేటందుకు జైల్లో ఉంచండి అని రాయవలసిన చోట, మామూలు కేసుల్లో రాసే వాక్యమే రాశారు. ఈ కాగితంతో ఒక మనిషిని అప్పగించడం కుదరదు, వదిలెయ్యండి అన్నారు.

అంతే. ఆండర్సన్ బయటికి నడిచి వచ్చాడు. వీధిలో జనం కేకలు, జేజేలు.

ఇందాక మనం విసుక్కున్న సంగతే కదూ ఇది. 'యువరానర్, ఈ కాగితం సరిగ్గా లేదు.' నిజం చెప్పాలంటే నాకు కూడా, మెక్లీన్‌గారి మాట నెగ్గి విడుదలై ఉంటే ఎంత బాగుండేది, నవలకి ఎంత చక్కటి ముగింపు అనిపించింది. కానీ అప్పుడు ఆ గొప్ప సూత్రం మీద ముగ్గురిలో ఇద్దరు అటు వేశారు. మళ్ళీ అడిగితే ఇంకో ముగ్గురు ఎటు వేసేవారో! జైల్లో ఉన్నవాడికి సూత్రంతో పనేముంది, తలుపుతో పని గానీ. ఫ్రీమన్ సూత్రం కూడా వాదించాడు, కాగితం కూడా చూశాడు. రెండూ చూడటమే ఆ పనిలో నేర్పు.

మనవైపు కూడా ఇలాంటిదొకటుంది. హైదరాబాదు నుంచి వికారాబాదు వెళ్ళే రైలు దారిలో శంకరపల్లి స్టేషను చాలామంది చూసే ఉంటారు. నిజాం కాలంలో ఆ స్టేషన్లో మహమ్మద్ యూసఫుద్దీన్ అనే నిజాం ప్రజని, సిమ్లా మేజిస్ట్రేటు ఇచ్చిన వారంటు మీద ఇంగ్లీషువాళ్ళ పోలీసులు అరెస్టు చేశారు. శంకరపల్లి నిజాం రాజ్యం, సిమ్లా ఇంగ్లీషు రాజ్యం. నేల వేరు, ప్రభువు వేరు. రైలు పట్టాలున్న మేర అధికారం మాకు నిజాంగారు ఇచ్చేశారుగా అన్నారు ఇంగ్లీషువాళ్ళు. కేసు లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. 1897లో అక్కడి జడ్జీలు, నిజాం ఇచ్చింది రైల్వే పనులకి కావలసిన అధికారమే, రైల్వేకి సంబంధం లేని సిమ్లా కేసులో ఇక్కడ మనిషిని పట్టుకునే అధికారం కాదు, అరెస్టు చెల్లదు అన్నారు. ఇంగ్లీషు దొరల కోర్టే, ఇంగ్లీషు సర్కారు మీదే! అక్కడ కూడా ఏదో ఒక ప్లీడరు, ఆ ఒప్పందం కాగితాలు దీపం దగ్గర పెట్టుకుని అక్షరం అక్షరం చదివే ఉంటాడు. మనం రైల్లో పల్లీలు కొనుక్కుంటూ దాటిపోయే ప్లాట్‌ఫారం.

ఇప్పుడు ఒక అనుమానం రావాలి మీకు. వారంటులో మాట తప్పిపోతే, ఆ మాట చేర్చి మళ్ళీ పట్టుకోవచ్చుగా? పట్టుకోవచ్చు. అందులో అడ్డేమీ లేదు. ఆండర్సన్ స్నేహితులకి కూడా ఆ సంగతి తెలుసు. అయితే ఆ ఏప్రిల్‌లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. మిస్సోరి తన గొడవలో తాను పడింది. కెనడాలో కూడా, ఇంత పెద్ద విషయాన్ని ఊరి మేజిస్ట్రేట్ల చేతుల్లో వదలకూడదని చట్టం మార్చారు. జూన్‌కల్లా ఆండర్సన్ ఇంగ్లండులో ఉన్నాడు.

జులై 2న లండన్‌లో ఎక్సెటర్ హాలులో అతనికి పెద్ద సన్మాన సభ జరిగింది. ముందుండి నడిపించినవాళ్ళలో హార్పర్ ట్వెల్వ్‌ట్రీస్ అని ఒకాయన. బట్టలుతికే సబ్బుపొడి తయారు చేసి అమ్మే వ్యాపారి. 1863లో ఆండర్సన్ జీవితకథ అచ్చువేయించింది కూడా ఈ సబ్బుపొడి ఆయనే. మనకి ఈవేళ మారియా పేరైనా, ఆ కాపురం సంగతులైనా తెలిశాయంటే చాలావరకు ఆ పుస్తకం వల్లే. కోర్టు కాగితాల మీదే ఆధారపడితే డిగ్స్ గాయం ఎంత లోతో తెలిసేది గానీ, ఆ మనిషి ఎందుకు బయల్దేరాడో తెలిసేది కాదు.

సభలయ్యాక ఆండర్సన్‌ని కోర్బీ అనే పల్లెలో ఒక బడిలో చేర్చారు. ముప్ఫై ఏళ్ళ మనిషి, పిల్లల మధ్య కూర్చుని చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకున్నాడు. సుమారు ఏడాది ఉన్నాడు అక్కడ. పోషించినవాళ్ళు, ఇతనికి ఆఫ్రికాలో లైబీరియా దేశం మంచిదని నిర్ణయించారు. స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ళు స్థిరపడిన దేశం అది. 1862 డిసెంబరు 24న, క్రిస్మస్‌కి ముందురోజు, ఓడ ఎక్కాడు. ఆ తర్వాత అతని కబురు చరిత్రలో ఎక్కడా నమోదు కాలేదు.

1865 జనవరి 11న మిస్సోరి రాష్ట్రం బానిసత్వాన్ని రద్దు చేసింది. హోవర్డ్ కౌంటీలో ఇంక ఏ ఆడమనిషికీ యజమాని లేడు. జాన్ ఆండర్సన్ ఓడ ఎక్కి అప్పటికి రెండేళ్ళు దాటి పద్ధెనిమిది రోజులు.